పోలీసు ఇంటికి ఏ పథకం వస్తుంది, ఏది రాదు: తేల్చుకోవడం ఎలా?

పోలీసు క్వార్టర్స్‌లో ప్రభుత్వ పథకాల మాటెత్తితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "గవర్నమెంటు ఉద్యోగం కదా, మనకేదీ రాదు" అని ఒకరు తేల్చేస్తారు. "ఊళ్లో అందరికీ పడుతున్నాయి, ఒక అప్లికేషన్ పడేస్తే పోయేదేముంది" అని ఇంకొకరు ధైర్యం చెబుతారు. మొదటివారి మాట విన్నవాళ్లు న్యాయంగా రావలసింది వదులుకుంటారు. రెండోవారి మాట విన్నవాళ్లు కొన్నేళ్ల తర్వాత రికవరీ నోటీసు అందుకుంటారు.

తెలంగాణలో ఒక పల్లె. సొంత పేరు మీద రెండెకరాల పట్టా ఉన్న కానిస్టేబుల్ ఉన్నాడనుకోండి. రైతు భరోసా కింద ఎకరానికి సీజనుకు 6,000 రూపాయలు ఆయన ఖాతాలో పడతాయి. అది సాగుకు పనికొచ్చే భూమిని చూసి ఇచ్చే డబ్బు. పట్టాదారు పొద్దున్నే ఏ డ్యూటీకి వెళ్తాడన్నది దానికి పట్టదు. అదే భూమి మీద కేంద్రం మూడు విడతల్లో ఇచ్చే పీఎం కిసాన్ 6,000 మాత్రం ఆయనకు రావు. ప్రభుత్వ ఉద్యోగులను ఆ పథకం పక్కన పెట్టింది. నాలుగో తరగతి సిబ్బందికి మినహాయింపు ఉంది గానీ కానిస్టేబుల్ ఆ లెక్కలోకి రాడు. ఒకే మనిషికి ఒకే పొలం మీద ఒకటి వస్తోంది, ఇంకొకటి రావడం లేదు. కాబట్టి "పోలీసులకు పథకాలు వస్తాయా" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒక్కో పథకం దేన్ని చూసి డబ్బిస్తోందో తెలుసుకుంటే మాత్రం జవాబు ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు, హోంగార్డులకు, వాళ్ల ఇంట్లో కాగితాల పని చూసే భార్యాపిల్లలకు అది తేల్చుకునే వరుస ఇది.

మొదటి పని: కాగితం మీద మీరెవరో చూసుకోండి

ఒంటి మీద ఖాకీ ఒకటే. జీతం వచ్చే దారులు మాత్రం వేరు. సివిల్, ఏఆర్, బెటాలియన్లలో రెగ్యులర్ పోస్టులో ఉన్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే జీతం చెల్లింపులకు మీకు సీఎఫ్ఎంఎస్ నంబరు వస్తుంది. సంక్షేమ పథకాల అర్హత తనిఖీలో ఆ వివరాలే మీ ఆధార్ నంబరుతో సరిపోల్చి చూస్తారు. "దరఖాస్తులో ఉద్యోగం రాయకపోతే ఎవరికి తెలుస్తుంది" అనే కాలం పోయింది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ, అస్సాం రైఫిల్స్‌లో ఉన్నవాళ్లు కేంద్ర హోం శాఖ కిందకు వస్తారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఇలా వెళ్లినవాళ్లు ఎందరో. వీళ్ల కోసం ఉన్న కొన్ని పథకాలు రాష్ట్ర పోలీసుకు అసలు లేవు. రైల్వే రక్షణ దళం మళ్లీ వేరు, అది రైల్వే శాఖది.

ఇక హోంగార్డులు. చట్టం దృష్టిలో హోంగార్డు స్వచ్ఛంద సేవకుడు. 2015లో హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వీళ్లను రెగ్యులర్ ఉద్యోగులుగా చేయమనలేదు. నెల రోజులు పనిచేస్తే వచ్చే డ్యూటీ అలవెన్సు మాత్రం పోలీసు సిబ్బంది కనీస వేతనంతో సమానంగా ఉండాలంది. తెలంగాణలో 2025 జనవరి నుంచి ఆ అలవెన్సు రోజుకు 1,000 రూపాయలు. ఆదాయ పరిమితి ఉన్న పథకాల దగ్గర ఈ మొత్తమే అడ్డం వస్తుంది. అంటే హోంగార్డు సర్కారు ఉద్యోగి కాదు కాబట్టి ఉద్యోగి సదుపాయాలు లేవు, నెలకు ముప్పై వేలు అందుతోంది కాబట్టి పేదవాడన్న గుర్తింపూ లేదు. పింఛను, ప్రమోషను లేని మనిషిని ఇలా రెండు వైపులా గేటు బయట నిలబెట్టడం నాకు సబబుగా కనిపించదు. నిబంధన మారేదాకా మాత్రం దాన్ని తెలుసుకునే నడవాలి.

రెండో పని: పథకం అడిగే ప్రశ్న ఏమిటి?

ఏ పథకం పేరు విన్నా, ఎంత ఇస్తారన్నదానికంటే ముందు, దేన్ని చూసి ఇస్తారో కనుక్కోండి.

కొన్ని పథకాలు మీరిక్కడి మనిషేనా, వయసెంత అని మాత్రమే అడుగుతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి నడుస్తున్న మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఇలాంటివి. మహిళా కానిస్టేబుల్ అయినా, మహిళా ఎస్పీ అయినా, స్థానిక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవచ్చు. పదేళ్ల లోపు ఆడపిల్లకు సుకన్య సమృద్ధి ఖాతా తెరవడానికి తండ్రి ఉద్యోగం అడ్డు కాదు. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా ఇచ్చే జీవన జ్యోతి కూడా అంతే. వయసు, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. సొంత ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ ఇచ్చే సబ్సిడీ (3 కిలోవాట్లకు 78,000 రూపాయలు) పోలీసుకూ వస్తుంది. క్వార్టర్స్‌లో ఉంటే కప్పు మీది కాదు కాబట్టి కుదరదు. సొంతూళ్లో మీ పేరున ఇల్లు, కరెంటు కనెక్షను ఉంటే చూసుకోండి.

ఈ వరుసలోనే ఉన్నా అటల్ పెన్షన్ యోజన వేరు. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను చెల్లించేవాళ్లను అందులో చేర్చుకోవడం లేదు.

రెండో రకం, భూమిని చూసేవి. రైతు భరోసా, పీఎం కిసాన్ తేడా పైన చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కూడా ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో పీఎం కిసాన్ దారినే నడుస్తుంది.

మూడో రకం, ఇంటి పేదరికాన్ని చూసేవి. రేషన్ కార్డు, దాన్ని పట్టుకుని వచ్చే ఉచిత కరెంటు, 500 రూపాయల గ్యాస్ సిలిండరు, సామాజిక పింఛన్లు, తల్లికి వందనం. పోలీసు ఇళ్లలో గొడవలు, అపోహలు, రికవరీలు అన్నీ పుట్టేది ఇక్కడే.

నాలుగో రకం, మీరు చేసే సర్వీసును చూసి ఇచ్చేవి. ఇవి మీ కోసమే పెట్టినవి. విచిత్రం ఏమిటంటే, మూడో రకం కోసం సచివాలయం చుట్టూ తిరిగేవాళ్లలో చాలామందికి ఈ నాలుగో రకం పేర్లు కూడా తెలియవు.

మూడో పని: ఆ పథకం లెక్కలో 'కుటుంబం' అంటే ఎవరు?

కొడుక్కి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందని ఊరంతా స్వీట్లు పంచిన తండ్రికి ఆర్నెల్ల తర్వాత వృద్ధాప్య పింఛను ఆగిపోతుంది. ఎవరో గిట్టనివాళ్లు పిటిషను పెట్టారనుకుంటారు. చాలాసార్లు పిటిషను ఏమీ ఉండదు. ఇంటి మ్యాపింగ్‌లో కొడుకు, తండ్రి ఒకే కుటుంబంగా ఉంటారు, కొడుకు ఆధార్ జీతాల జాబితాలో కనిపిస్తుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఆరు దశల తనిఖీ అంటారు. ఇంటి ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలకు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికుల వంటి వారికి మినహాయింపు. సొంత కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు పర్వాలేదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో సొంత ఇంటి విస్తీర్ణాన్ని కూడా చూస్తారు. వీటిలో ఒక్కటి తప్పినా పథకం ఆగుతుంది. కానిస్టేబుల్ ఉన్న ఇల్లు ఒకేసారి రెండు మూడింటిలో తప్పుతుంది కాబట్టి ఒకదాన్ని సరిచేసినా లాభం ఉండదు.

పీఎం కిసాన్‌లో మాత్రం కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. అంతవరకే. కాబట్టి పాతికేళ్ల కొడుకు కానిస్టేబుల్ అయినంత మాత్రాన తండ్రి తన పేరు మీది పొలానికి పీఎం కిసాన్ వదులుకోనక్కర్లేదు. ఆయనది వేరే కుటుంబం. కానీ కానిస్టేబుల్ భార్య పేరున పుట్టింటివాళ్లు ఇచ్చిన ఎకరం ఉంటే ఆమెకు రాదు, భర్త ఉద్యోగం ఆమె లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటినీ తారుమారు చేసుకున్న ఇళ్లు బోలెడు. తండ్రికి ఆపేయించి భార్యకు రాయించుకుంటారు.

మరి తల్లిదండ్రుల పింఛను సంగతి? కొడుకు పెళ్లై నిజంగా వేరే చోట కాపురం ఉంటే, ఆ విషయాన్ని రికార్డులోకి ఎక్కించాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో కుటుంబ విభజనకు దరఖాస్తు పెట్టుకోవాలి. పెళ్లి సర్టిఫికెట్టు, కొత్త చిరునామాతో ఆధార్ ముందే సిద్ధం చేసుకోండి. తెలంగాణలో ఆహార భద్రత కార్డు నుంచి ఉద్యోగి పేరు తీయించాలి. అక్కడ కార్డుకు ఆదాయ పరిమితి పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. రెగ్యులర్ పోలీసు ఉద్యోగి పేరు ఆ కార్డులో ఉండటమే తప్పు. చేరిన నెలలోనే మీ అంతట మీరు తీయించుకుంటే దానితో పోతుంది.

ఒకే కప్పు కింద ఉంటూ కాగితం మీద విడిపోవడం మాత్రం వద్దు. ఇంటికొచ్చి విచారణ చేసేవాళ్లకు ఎదురింటివాళ్లే చెప్పేస్తారు. పైగా మీరు సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కిందున్న ఉద్యోగి. మామూలు మనిషికి డబ్బు వాపసుతో పోయే వ్యవహారం మీకు చార్జి మెమో దాకా వస్తుంది.

నాలుగో పని: ఆదాయం లెక్క మీరే ముందు వేసుకోండి

మీసేవకు పరుగెత్తే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. తెలంగాణ 2020 పీఆర్సీలో కానిస్టేబుల్ స్కేలు మొదలయ్యేది 24,280 దగ్గర. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలపకుండానే ఏడాదికి 2,91,360. ఆంధ్రప్రదేశ్ 2022 స్కేలులో 25,220, అంటే ఏడాదికి 3,02,640. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి 2.5 లక్షలు. తెలంగాణలో బీసీ విద్యార్థులకు అది పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు. చేరిన మొదటి ఏడాది మూలవేతనమే పరిమితిని దాటుతోంది కాబట్టి, తక్కువ ఆదాయానికి సర్టిఫికెట్టు ఎలా పుట్టించాలన్న ఆలోచన దగ్గరే ఆగిపోండి. జీతం స్లిప్పు ఉన్న మనిషికి లక్ష ఆదాయం అని రాసిచ్చిన కాగితం ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుంది.

అలాగని ఆదాయం లెక్క ప్రతిసారీ మీకు ఎదురుగానే ఉండదు. ఐఐటీల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ట్యూషన్ ఫీజు మొత్తం, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగులా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. రోజుకు 1,000 చొప్పున నెలంతా డ్యూటీ చేసిన హోంగార్డు ఏడాది ఆదాయం 3,60,000. భార్యకు వేరే సంపాదన లేకపోతే, రేషన్ కార్డు ఇవ్వని అదే ఆదాయం మీద ఐఐటీలో చేరిన బిడ్డకు ఫీజులో పెద్ద భాగం తగ్గుతుంది. చిన్న జీతంలో ఉన్న కానిస్టేబుల్‌కూ అంతే.

బీసీ కుటుంబాలు కేంద్ర సంస్థల్లో ఓబీసీ సర్టిఫికెట్టు దగ్గర పొరబడుతుంటాయి. "మా జీతం 8 లక్షలు దాటింది, క్రీమీలేయర్‌లోకి వెళ్లాం" అని సీనియర్ హెడ్ కానిస్టేబుళ్లు దరఖాస్తే పెట్టరు. 1993 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఆ 8 లక్షల లెక్కలో జీతమూ కలవదు, వ్యవసాయ ఆదాయమూ కలవదు. ఉద్యోగుల పిల్లల విషయంలో ముందుగా చూసేది తల్లిదండ్రుల పోస్టు ఏ స్థాయిదన్నది. కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబుల్ గ్రూప్ సి స్థాయి. అద్దెలు, వ్యాపారం లాంటి ఇతర ఆదాయం భారీగా లేకపోతే జీతం ఎంతున్నా పిల్లలు నాన్ క్రీమీలేయరే. ఓసీ కుటుంబాల ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్టులో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ జీతం, పొలం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపు ఉండాలి, ఎకరాల పరిమితి కూడా ఉంది.

ఐదో పని: వైద్యం ఎక్కడ రాసి ఉందో చూడండి

2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల ఆరోగ్య పథకం వచ్చినప్పుడు, పోలీసు శాఖ 'ఆరోగ్య భద్రత' కింద ఉన్నవాళ్లను అందులోంచి మినహాయించారు. ఎక్సైజ్ వాళ్ల 'ఆరోగ్య సహాయత'కూ అదే వర్తించింది. పోలీసులకు అప్పటికే జీతంలోంచి నెలనెలా కట్టుకునే సొంత ఏర్పాటు ఉంది కాబట్టి. అందుకే పక్కింటి టీచరుగారి హెల్త్ కార్డు చూపించి "మాకెందుకు లేదు" అని అడగడంలో అర్థం లేదు. మీ పే స్లిప్పులో ఆరోగ్య భద్రత కోత ఉందో లేదో చూడండి. ఉంటే మీరు సభ్యులే. పెళ్లైన వెంటనే భార్య పేరు, బిడ్డ పుట్టగానే బిడ్డ పేరు యూనిట్ ఆఫీసులో చేర్పించండి. ఐసీయూ బయట నిలబడి గుమస్తాకు ఫోను చేయడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

రేషన్ కార్డు లేని హోంగార్డు ఆరోగ్యశ్రీ సంగతి ముందే కనుక్కోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. అర్హత ఉండి కార్డు లేకపోవడం చిన్న నష్టం కాదు.

సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల వారికి 2021 జనవరిలో మొదలైన ఆయుష్మాన్ సీఏపీఎఫ్ ఉంది. సర్వీసులో ఉన్నవాళ్లకు, వాళ్లపై ఆధారపడినవాళ్లకు నగదు లేకుండా చికిత్స.

ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లుంటే ఇంకొక దారి తెరుచుకుంది. 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద 70 నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇస్తున్నారు. కొడుకు ఎస్సై అయినా సరే తండ్రి వయసే అర్హత. సీజీహెచ్ఎస్ గానీ ఆయుష్మాన్ సీఏపీఎఫ్ గానీ వాడుకుంటున్న పెద్దవాళ్లు మాత్రం రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. వయసు ఆధార్‌ను బట్టి చూస్తారు. పాతకాలపు మనుషుల ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఇష్టం వచ్చినట్టు పడి ఉంటుంది, ముందు దాన్ని చూసుకోండి.

ఆరో పని: పిల్లల చదువుకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్

సర్వీసును చూసి ఇచ్చే పథకాల్లో దీన్నే కాస్త వివరంగా చెబుతాను. డబ్బు పెద్దది, నియమాలు స్పష్టం, అయినా తప్పులు ఎక్కువ.

కేంద్ర బలగాల సిబ్బంది పిల్లల్లో ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లాడికి 2,500 రూపాయలు. ఏడాదికి ఒకేసారి, అంటే 36,000 లేదా 30,000, విద్యార్థి ఖాతాలో పడతాయి. 2019 మే 31న పెంచిన మొత్తాలివి. ఆ రోజు నిర్ణయంతోనే ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో ప్రాణాలు కోల్పోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలను కూడా ఇందులోకి తెచ్చారు, ఏడాదికి 500 స్కాలర్‌షిప్‌లు వారికి.

ఇక్కడే తేడా గమనించండి. సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ సర్వీసులో ఉండగానే ఆయన కూతురు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రాధాన్యంలో మాత్రం చివర నిలబడాలి. ముందు విధి నిర్వహణలో చనిపోయినవారి పిల్లలు, భార్యలు, తర్వాత వికలాంగులైనవారి పిల్లలు, శౌర్య పతకాలు వచ్చినవారి పిల్లలు, రిటైరైనవారి పిల్లలు, ఆపైన ఆఫీసర్ స్థాయికి కింద ఉన్న సర్వీసు సిబ్బంది పిల్లలు. తెలంగాణ, ఆంధ్ర పోలీసు కానిస్టేబుల్ కూతురు మాత్రం, తండ్రి అలాంటి దాడిలో అమరుడైతే తప్ప, దీనికి అర్హురాలు కాదు. బందోబస్తుకు వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయినా ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. కఠినమే గానీ రూలు అదే.

చదువు విషయంలో: ఇంజనీరింగు, మెడిసిన్, బీఎడ్, ఎంబీఏ, ఎంసీఏ లాంటి వృత్తి విద్యా కోర్సుల్లో మొదటి ఏడాది చేరిన వాళ్లకు. చేరడానికి ఆధారమైన పరీక్షలో, ఇంటర్ కావచ్చు, డిగ్రీ కావచ్చు, 60 శాతం ఉండాలి. మొదటి ఏడాది దరఖాస్తు తప్పిపోతే రెండో ఏడాది కొత్తగా చేరడం కుదరదు. కాబట్టి కౌన్సెలింగులో సీటు వచ్చిన రోజే దీన్ని గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ప్రతి ఏడాదీ 50 శాతం తెచ్చుకుంటూ రెన్యువల్ చేసుకోవాలి.

దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. మొదట విద్యార్థి ఆధార్‌తో వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని నంబరు తెచ్చుకోవాలి. ఖాతా విద్యార్థి పేరునే ఉండాలి, దానికి ఆధార్ సీడింగ్ అయి ఉండాలి. సీడింగ్ అంటే బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చి రావడం కాదు, ప్రభుత్వ డబ్బు పడాల్సిన ఖాతా ఇదేనని మ్యాపింగ్ కావడం. తర్వాత పథకం ఎంచుకునేటప్పుడు నిదానించండి. ఒకే పేరుతో మూడు కనిపిస్తాయి: కేంద్ర సాయుధ బలగాలది, ఉగ్రవాద నక్సల్ దాడుల్లో అమరులైన రాష్ట్ర పోలీసులది, రైల్వే రక్షణ దళానిది. మాజీ సైనికుల పిల్లల ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరే, దాన్ని కేంద్రీయ సైనిక్ బోర్డు తన సొంత పోర్టల్‌లో నడుపుతుంది. సీఆర్‌పీఎఫ్ వాళ్లు అక్కడికి వెళ్లి అప్లై చేస్తే తిరస్కరణే.

మార్కుల మెమో, కాలేజీ బోనఫైడ్, నిర్ణీత నమూనాలో సర్వీసు సర్టిఫికెట్టు కావాలి. రిటైరైతే పీపీఓ లేదా డిశ్చార్జి సర్టిఫికెట్టు పెట్టాలి. సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకోవద్దు. దరఖాస్తు ముందు కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లోకి, తర్వాత బలగం వైపు తనిఖీకి వెళ్తుంది. కాలేజీ గుమస్తా ఆమోదించకపోవడం వల్లే ఆగిపోయేవి ఎన్నో. వారానికోసారి స్టేటస్ చూస్తూ, కాలేజీ దగ్గర పెండింగ్ అని కనిపిస్తే నేరుగా వెళ్లి అడగండి.

రాష్ట్ర పోలీసు పిల్లల చదువు విషయంలో ఉన్నవి శాఖాపరమైన సంక్షేమ నిధులు, పోలీసు శాఖ 'భద్రత' పథకం కింద అప్పులు. వీటికి జిల్లా పోలీసు కార్యాలయంలో సంక్షేమం చూసే సెక్షన్‌లో అడగాలి. తెలంగాణలో మంచిరేవులలో 2025 ఏప్రిల్‌లో మొదలైన యంగ్ ఇండియా పోలీస్ స్కూల్‌లో సగం సీట్లు పోలీసు పిల్లలకే.

ఏడో పని: బ్యాంకు పాసుపుస్తకం తిరగేయండి

ఇది రెండు నిమిషాల పని, దాదాపు ఎవరూ చేయరు. జీతం ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతాగా ఉందా, పోలీసు శాలరీ ప్యాకేజీ కింద ఉందా అని బ్రాంచిలో అడగండి. స్టేట్ బ్యాంకు లాంటి చోట్ల ప్యాకేజీ ఖాతాకు ప్రమాద బీమా విడిగా డబ్బు కట్టకుండానే వస్తుంది. ఏటా మే నెలాఖరులో 20, 436 రూపాయలు కోత పడుతున్నాయేమో చూడండి. పడుతుంటే ఆ రెండు బీమాలూ ఉన్నట్టే. భర్త పోయిన తర్వాత అంత్యక్రియల ఖర్చు, ఎక్స్‌గ్రేషియా, కారుణ్య నియామకం దాకా శాఖ వాళ్లు వెంట ఉండి చేయిస్తారు. ఈ బ్యాంకు బీమాల సంగతి మాత్రం ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉంటేనే క్లెయిము పడుతుంది. నామినీగా పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరే ఉండిపోయిందా అన్నది కూడా ఆ రోజే చూసుకోండి.

తిరస్కరించినా, పొరపాటున డబ్బు పడినా

తిరస్కరణ వస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. సచివాలయంలో గానీ ప్రజావాణిలో గానీ పెట్టిన అర్జీకి రసీదు తీసుకోండి. ఆరు దశల్లో దేని మీద ఆగిందో చెప్పమనండి. మీ కరెంటు మీటరుకు పక్కింటివాళ్ల ఆధార్ ముడిపడి ఉండవచ్చు, అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉండవచ్చు. ఇలాంటివి సరిచేస్తే హోంగార్డు ఇంటికి కాకపోయినా, వేరు కాపురం ఉన్న తల్లిదండ్రులకు పథకం తిరిగి రావచ్చు. ఎంతకీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. యూనిఫాం వేసుకుని వెళ్లి సచివాలయం ఉద్యోగిని గట్టిగా అడిగినందువల్ల కంప్యూటరు జవాబు మారదు.

ఉద్యోగం రాకముందు మీ పేరున పీఎం కిసాన్ వచ్చేది, చేరిన తర్వాత కూడా పడుతూనే ఉందనుకోండి. అలా పడిన డబ్బు ఖర్చు పెట్టకండి. ఆ పోర్టల్‌లో లబ్ధిని స్వచ్ఛందంగా వదులుకునే మీట ఉంది, అందుకున్న విడతలను తిరిగి కట్టే సదుపాయమూ ఉంది. ఉద్యోగంలో చేరిన తేదీ తర్వాత పడిన విడతలు ఎన్నో పాసుపుస్తకంలో లెక్కపెట్టి, అంత మొత్తం కట్టి, రసీదు ప్రింటు తీసి సర్వీసు కాగితాల ఫైలులో పెట్టండి. వ్యవసాయ శాఖ మండల కార్యాలయంలో ఆ రసీదు నకలు ఇచ్చి, లబ్ధిదారుల జాబితాలో మీ పేరు తీసేశారో లేదో తర్వాతి విడత పడే నెలలో మళ్లీ ఒకసారి చూసుకోండి.